బురద కోసం పుట్టిన బండి

1970 జూన్‌లో ఇంగ్లండులో తొలి రేంజ్ రోవర్ అమ్మకానికి వచ్చినప్పుడు దాని లోపల తోలు సీట్లు లేవు, తివాచీ లేదు. సీట్లు వినైల్‌వి. కింద పరిచింది రబ్బరు. డ్యాష్‌బోర్డు గట్టి ప్లాస్టిక్. పొలం నుంచో గుర్రాల కొట్టం నుంచో బురద కాళ్లతో వచ్చి ఎక్కే మనిషిని మనసులో పెట్టుకుని కట్టిన బండి అది. సాయంత్రం ఇంటికొచ్చాక తలుపులు బార్లా తీసి, తోటకు నీళ్లు పట్టే గొట్టంతోనే లోపలంతా కడిగేసుకోవచ్చు. ధర 1,998 పౌండ్లు.

2024 నవంబరులో అదే కంపెనీ మన దేశం కోసమని ప్రత్యేకంగా పన్నెండు బళ్లు చేయించింది. పేరు రేంజ్ రోవర్ ఎస్‌వీ రణథంబోర్ ఎడిషన్. ఒక్కోదాని ధర 4 కోట్ల 98 లక్షల రూపాయలు. అదీ షోరూమ్ ధర. రోడ్డు పన్ను, బీమా వేరు. రాజస్థాన్ అడవిలోని పులి దానికి స్ఫూర్తి. నల్లటి ఒంటి మీద ఎండ పడితే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. సీట్ల మీద పులి వెన్ను చారలను తలపించే కుట్టుపని. వెనక ఇద్దరే కూర్చుంటారు. కాళ్లు చాపుకుని వెనక్కి వాలిపోయే సీట్లు, మీట నొక్కితే మధ్యలోంచి పైకి లేచే బల్ల, చిన్న ఫ్రిజ్, అందులోకి గాజు గ్లాసులు.

ఈ రెంటి మధ్య యాభై నాలుగేళ్ల దూరం ఉంది. ఒకటి మంచిది, రెండోది చెడ్డది అని తేల్చి పారేయడం నాకిష్టం లేదు. బండి అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఎక్కడైనా బానెట్ ఎత్తి ఉంటే ఆగి చూడకుండా పోలేను. పులి చారలు కుట్టిన చెయ్యి కూడా పనితనం తెలిసిన చెయ్యే. కానీ ఆ పన్నెండు బళ్ల వార్త చదివినప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. లెక్కపెట్టినన్ని మాత్రమే, కొనేవాడి ముచ్చట ప్రకారం, అపారమైన శక్తితో ఒక బండి చేశారు, సరే. ఆ పన్నెండు మందిలో లేని మనకు దానివల్ల ఏమైనా దక్కుతుందా? దక్కాలని అడిగే హక్కు మనకుందా? ఉందనే నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ఈ బండిని మొదట ఊహించిన మనిషి దగ్గరికి వెళ్లాలి.

ఆయన చార్లెస్ స్పెన్సర్ కింగ్. అందరూ స్పెన్ కింగ్ అనేవారు. రోవర్ కంపెనీని నడిపిన విల్క్స్ అన్నదమ్ములకు మేనల్లుడు. ఆ అన్నదమ్ముల్లో మారిస్ విల్క్స్, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తన పొలంలో వాడుకుంటున్న అమెరికన్ విల్లీస్ జీపును చూసి, ఇలాంటిది మనమూ చేద్దాం అనుకున్నారు. అలా 1948లో ల్యాండ్ రోవర్ వచ్చింది. ఉక్కు కరువైన రోజులు కాబట్టి దాని ఒంటికి అల్యూమినియం వాడారు. (అదే విల్లీస్ జీపును 1947లో మన దేశంలో మహీంద్రా వాళ్లు బిగించడం మొదలుపెట్టారు. మన ఊళ్లలో ఎన్నికల ప్రచారాలకూ పెళ్లిళ్లకూ దుమ్ము రేపుకుంటూ తిరిగిన జీపులది ఆ వంశమే.) కింగ్ రోల్స్ రాయిస్‌లో పని నేర్చుకుని 1945లో రోవర్‌లో చేరారు. విమానాల జెట్ ఇంజిన్ సూత్రం మీద నడిచే గ్యాస్ టర్బైన్ కారు ‘జెట్ 1’ కోసం పనిచేశారు. 1952లో బెల్జియంలో ఆ కారును తానే నడిపి గంటకు దాదాపు 152 మైళ్లు, అంటే సుమారు 245 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. ఆయన వేగమంటే గిట్టని మనిషి అని ఎవరైనా అనుకుంటారేమో అని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

ల్యాండ్ రోవర్ ఎక్కడికైనా వెళ్లేది. కానీ లోపలున్నవాళ్ల ఒళ్లు హూనమయ్యేది. లారీలకుండే కమాన్ కట్టల లాంటివే దానికీ ఉండేవి. 1960ల్లో కింగ్, ఆయన సహచరుడు గోర్డన్ బాష్‌ఫర్డ్ కలిసి వేరే దారి ఆలోచించారు. చక్రం గుంటలో ఎంత లోతుకు దిగినా నేలను వదలకుండా, గట్టు మీద ఎంత పైకి లేచినా ఒంటిని కుదపకుండా ఉండాలంటే పొడుగ్గా సాగి ముడుచుకునే కాయిల్ స్ప్రింగులు కావాలి. అవి పెట్టారు. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందేలా చేశారు, నాలుగింటికీ డిస్క్ బ్రేకులు బిగించారు. అమెరికాలో బ్యూక్ కార్ల కోసం పుట్టి అక్కడ వదిలేసిన 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 ఇంజిన్ హక్కులు రోవర్ కొనుక్కుని ఉంది. అది ఇందులోకి చక్కగా అమిరింది. పగలు దున్నిన పొలంలో తిరిగి, రాత్రికి మోటార్‌వే మీద మామూలు కార్లతో సమానంగా పరుగెత్తే బండి అంతకు ముందు దాదాపు లేదనే చెప్పాలి. రూపం మీద తాము వెచ్చించిన సమయం చాలా తక్కువని కింగ్ తర్వాత చెప్పుకున్నారు. డేవిడ్ బాష్ అనే డిజైనర్ దాన్ని కాస్త నునుపు చేశారు, అంతే. ఆ రూపాన్నే 1971లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అవసరమైనదేదీ వదలకుండా, అనవసరమైనదేదీ చేర్చకుండా చేసిన వస్తువుకు వచ్చే అందం అది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1971 చివర్లో బ్రిటిష్ సైన్యానికి చెందిన జాన్ బ్లాష్‌ఫర్డ్ స్నెల్ నాయకత్వంలో ఒక బృందం అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చిట్టచివరి దాకా రెండు రేంజ్ రోవర్లలో బయల్దేరింది. పనామాకూ కొలంబియాకూ మధ్య డారియన్ గ్యాప్ అనే అడవి ఉంది. రెండు అమెరికా ఖండాలనూ కలిపే రహదారి అక్కడ తెగిపోతుంది. ఇవాళ్టికీ అక్కడ రోడ్డు లేదు. చిత్తడి నేల, ఏర్లు, నిటారు లోయలు. అది దాటడానికే వాళ్లకు మూడు నెలలకు పైగా పట్టింది. ముందు మనుషులు చెట్లు నరుక్కుంటూ వెళ్లాలి, వెనక బళ్లు రావాలి. లోయల మీద అల్యూమినియం నిచ్చెనలు వేసి వాటి మీద నుంచి దాటించారు. ఏర్లు వస్తే గాలి తెప్పల మీద ఎక్కించారు. దారిలో రెండు బళ్లకూ వెనక డిఫరెన్షియళ్లు, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే పళ్లచక్రాల పెట్టెలు, పగిలిపోయాయి. బురదలో కూరుకుపోకుండా ఉండాలని వేసుకున్న భారీ టైర్లే కారణమని తేలింది. అంత పెద్ద చక్రం బురదలో ఇరుక్కుని మొరాయించినప్పుడు ఆ ఒత్తిడంతా ఇరుసు మీద పడి పళ్లచక్రాలు ముక్కలయ్యాయి. కొత్త విడిభాగాలు తెప్పించి, టైర్లు మార్చి, చివరికి దాటారు.

డారియన్ కథ వినగానే అందరికీ సాహసం కనిపిస్తుంది. నాకు ముందు కనిపించేది ఆ పగిలిన డిఫరెన్షియల్. ఫ్యాక్టరీలో వెయ్యి లెక్కలు వేసినా తెలియని సంగతి ఒకటి ఆ అడవిలో తెలిసింది. బండిని దాని హద్దు దాకా తీసుకెళ్తేనే అది తన లోపల ఏముందో చెబుతుంది. అలా తెలిసింది అక్కడే ఆగదు. కాగితం ఎక్కుతుంది, డ్రాయింగ్ బోర్డు మీదికి వస్తుంది, వచ్చే ఏడాది బండిలో దూరుతుంది. 1979లో జరిగిన మొట్టమొదటి పారిస్ డాకర్ రేసులో కార్ల విభాగంలో నెగ్గింది రేంజ్ రోవరే. 1981లో మళ్లీ నెగ్గింది.

కానీ అదే సమయంలో ఈ బండి జీవితం ఇంకో మలుపు తిరుగుతోంది. పొలాలున్న ధనవంతులు కొన్నారు. ఆ తర్వాత పొలాలు లేని ధనవంతులూ కొన్నారు. వాళ్లకు రెండు తలుపులు చాల్లేదు. స్విట్జర్లాండుకు చెందిన మోంటెవెర్డీ కంపెనీ నాలుగు తలుపులు పెట్టి ఇచ్చింది, మరుసటి ఏడాదే ఫ్యాక్టరీయే ఆ పని చేసింది. ఇంగ్లండులో ఓవర్‌ఫించ్ అనే పేరుతో ప్రసిద్ధమైన సంస్థ 1970ల నుంచీ ఇదే బండిలో పెద్ద అమెరికన్ ఇంజిన్లు బిగించి ఇస్తూ వచ్చింది. 1981లో వోగ్ ఫ్యాషన్ పత్రిక ఫొటోల కోసం ముస్తాబు చేసిన బండి జనాన్ని ఆకట్టుకుంది, దాంతో కంపెనీ ‘ఇన్ వోగ్’ పేరుతో వెయ్యి బళ్లు చేసింది. లేత నీలం రంగు, లోపల చెక్క తాపడం, వెంట ఓ పిక్నిక్ బుట్ట. రేంజ్ రోవర్‌కు పరిమిత సంఖ్య అనే ఆకర్షణ అబ్బింది అప్పటి నుంచే. రబ్బరు పోయి తివాచీ వచ్చింది. గొట్టంతో కడిగే రోజులు పోయాయి.

ఇక్కడ, 1990 చివర్లో, నాకు అన్నిటికంటే ఇష్టమైన బండి వస్తుంది. దాని పేరు సీఎస్‌కే. చార్లెస్ స్పెన్సర్ కింగ్ పేరులోని పొడి అక్షరాలు. ఆయన గౌరవార్థం సరిగ్గా రెండు వందలు చేశారు, ఒక్కోదానికీ సంఖ్య వేసిన పలక. అన్నీ నల్లవే. అన్నిటికీ రెండే తలుపులు, 1970 నాటి ఆయన బండికి ఉన్నట్టే. లోపల తోలు, చెక్క. 3.9 లీటర్ల వీ8. ఇవాళ మనం ‘లిమిటెడ్ ఎడిషన్ పెర్ఫార్మెన్స్ లగ్జరీ ఎస్‌యూవీ’ అని గుక్క తిప్పుకోకుండా చెప్పే మాటకు నిజమైన తొలి రూపాల్లో ఒకటి అది.

దాని అడుగున చూడాల్సిన భాగం ఒకటుంది. యాంటీ రోల్ బార్. రేంజ్ రోవర్‌కు దాన్ని బిగించడం అదే మొదలు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఉక్కు కడ్డీ అది. ఎత్తైన బండి వేగంగా మలుపు తిరిగితే బయటి వైపుకు ఒరిగిపోతుంది. ఒరుగుతున్న కొద్దీ ఈ కడ్డీ మెలితిరిగి, వెనక్కి లాగి, బండిని నిటారుగా ఉంచడానికి ప్రయత్నిస్తుంది. మరి 1970లో కింగ్ దీన్ని ఎందుకు పెట్టలేదు? తెలియక కాదు. రాళ్లల్లో, గుంటల్లో ఒక చక్రం పైకి లేచినప్పుడు రెండోది స్వేచ్ఛగా కిందికి దిగాలి. దిగితేనే నేల దొరుకుతుంది, పట్టు దొరుకుతుంది. కడ్డీ ఉంటే ఒకటి లేచినప్పుడు రెండోదాన్నీ లేపుతుంది. రోడ్డు మీద మేలు చేసేది పొలంలో అడ్డమవుతుంది. కాబట్టి కింగ్ బండి మలుపుల్లో ఊగేది, ఓడలా ఒరిగేది. ఆయన ఆ ఊగుడును తెలిసే ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్లకు కొనేవాళ్లు మారారు, రోడ్లు మారాయి, వేగాలు పెరిగాయి. పొలంలో కొంత పోగొట్టుకునైనా మలుపులో నిలబడాలి అనే ప్రయోగం ఆ రెండు వందల బళ్లలో చేశారు. అది బాగుందని తేలాక ఆ కడ్డీలు మిగతా రేంజ్ రోవర్లకూ వచ్చాయి. రెండు వందల మంది డబ్బు పెట్టి పరీక్షించిన సంగతి ఆ తర్వాత వేలమందికి అందింది. పరిమిత సంఖ్యలో చేయడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు.

ఈ కడ్డీ కథ అక్కడితో అయిపోలేదు. 2023లో వచ్చిన రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీలో ఆ కడ్డీలు మళ్లీ మాయమయ్యాయి. ఆ బండి దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది. 4.4 లీటర్ల ట్విన్ టర్బో వీ8, 635 పీఎస్ శక్తి. నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 3.8 సెకన్లు. గరిష్ఠ వేగం 290. తొలి విడత బళ్లను కంపెనీ పిలిచిన వాళ్లకే అమ్మారు. ఈ అంకెలు విని నోరెళ్లబెట్టడం సులువే. వీటి వెనక ఇంజనీర్లు పడ్డ కష్టం చూడటం ముఖ్యం. వేగం రెట్టింపైతే బండిలో చేరే శక్తి నాలుగు రెట్లవుతుంది. దాన్నంతా మళ్లీ బ్రేకులు వేడిగా మార్చి గాలిలో కలిపేయాలి. అందుకే కావాలంటే 440 మిల్లీమీటర్ల కార్బన్ సిరామిక్ డిస్కులు ఇస్తారు. చక్రం బరువు తగ్గితే స్ప్రింగుకూ బ్రేకుకూ పని తగ్గుతుంది. అందుకని 23 అంగుళాల కార్బన్ ఫైబర్ చక్రాలు చేశారు. ఇక ఒరుగుడు సంగతి. నాలుగు చక్రాల డ్యాంపర్లనూ (షాక్ అబ్జార్బర్లనూ) నూనె గొట్టాలతో ఒకదానికొకటి కలిపారు. మలుపులో బయటి వైపు ఒత్తిడి పెరిగితే ఆ నూనె ఒత్తిడే బండిని నిటారుగా పట్టుకుంటుంది. గుంటల్లోకి దిగితే ఆ పట్టు సడలుతుంది, ప్రతి చక్రం తన నేలను తానే వెతుక్కుంటుంది. కింగ్ ఒక వైపు మొగ్గి రెండో వైపు వదులుకోవాల్సి వచ్చిన చోట, యాభై ఏళ్లకు పైగా గడిచాక, రెండూ దక్కాయి. దీన్ని చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. కింగ్ చూసి ఉంటే ఆ నూనె గొట్టాల గురించి గంటల తరబడి ప్రశ్నలు వేసేవారని అనిపించింది.

ఆయన చూడలేదు. 2010లో, 85 ఏళ్ల వయసులో, సైకిల్ తొక్కుతూ వెళ్తుండగా వ్యాన్ ఢీకొని, ఆ గాయాలతో చనిపోయారు. అంతకు ఆరేళ్ల ముందే తన మనసులో మాట బయటపెట్టారు. ఈ రకం బళ్లను ఊళ్లో పిల్లల్ని బడికి దింపడానికి వాడటం తెలివితక్కువ పని అని, గొప్ప చూపించుకోవడానికి వాడే వస్తువుగా ఇవి మారిపోయాయని నిష్ఠూరంగా చెప్పారు. కన్నబిడ్డ దారితప్పాడని ఒప్పుకోవడం ఏ తండ్రికైనా కష్టం. గంటకు 245 కిలోమీటర్లు నడిపిన మనిషి, తన పేరు మీద రెండు వందల విలాసపు బళ్లు వచ్చిన మనిషి ఆ మాట అన్నారంటే దాన్ని ముసలాయన చాదస్తంగా తీసిపారేయలేం. ఆయన బాధ శక్తి గురించీ కాదు, సుఖం గురించీ కాదు. పుట్టిన పనికి దూరమైన బండి గురించి.

మా చుట్టాల్లో ఒకాయన హైదరాబాదులో ఖరీదైన ఎస్‌యూవీ ఒకటి కొన్నారు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఎంతో కష్టపడి పైకొచ్చిన మనిషి, కొనుక్కునే అర్హత పూర్తిగా ఉన్న మనిషి. చూడటానికి వెళ్తే గుడ్డ ముసుగు తీసి చూపించారు. ఎక్కబోతుంటే, “చెప్పులు ఇక్కడే విప్పెయ్ నాన్నా, లోపల లేత రంగు కదా” అన్నారు. ఆ మాటలో గర్వం లేదు, భయం ఉంది. వానాకాలం దాన్ని బయటికి తియ్యరట. దూరం వెళ్లాలంటే ఇంట్లో ఉన్న పాత కారే. ఆ సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద మీటలు చూశాను. ఇసుకకు ఒకటి, బురదకు ఒకటి, రాళ్లకు ఒకటి. ఏ ఎడారిలోనో, ఏ మంచులోనో నెలల తరబడి తిరిగి ఆ ఒక్కో మీట వెనక లెక్కలు రాసిన ఇంజనీర్ల పని గుర్తొచ్చి, చెప్పలేనంత జాలేసింది. వాళ్లు పంపిన ఉత్తరాన్ని ఎవరూ విప్పలేదు.

నా ఈ ఫిర్యాదుకు జవాబు ఉంది, న్యాయమైన జవాబే. వాడకపోయినా వాడగలను అన్న ధీమాకు విలువ లేదా? ఉంది. ఇప్పటి రేంజ్ రోవర్ 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలోంచి దాటగలదు. హైదరాబాదులో అండర్‌పాస్ కింద నడుం లోతు నీళ్లు నిలిచిన రాత్రి ఎవరికైనా ఆ ధీమా ఏమిటో తెలుస్తుంది. అలాగే ప్రతి వస్తువూ రోజూ వాడితేనే సార్థకం అనీ అనలేం. మన గుడి రథం ఏడాదిలో చాలా రోజులు కొట్టంలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ వృథా అనరు. కానీ రథోత్సవం రోజు అది బయటికి వస్తుంది. వీధి వీధికీ వెళ్తుంది. దాని ఇరుసు కిర్రుమంటుంది, చక్రం కింద చెక్క అడ్డుపెట్టి ఆపుతారు, వడ్రంగి వెంటే నడుస్తూ ఏ చీల వదులైందో చూసుకుంటాడు. అసలు బయటికే రాని రథాన్ని మాత్రం ఏమనాలో నాకు తెలియదు.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఆ పన్నెండులో లేనివాళ్లకు ఏం దక్కాలి? 1978లో మెర్సిడెస్ తన ఎస్ క్లాస్ కారులో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకులు ఇవ్వడం మొదలుపెట్టింది. అదీ అదనపు డబ్బు కట్టినవాళ్లకే. గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా ఉండే ఏర్పాటు అది. అప్పట్లో కోటీశ్వరుల ముచ్చట. ఇవాళ మన దేశంలో 125 సీసీ దాటిన ప్రతి కొత్త బైకుకూ ఏబీఎస్ తప్పనిసరి. వాన పడుతున్న రోడ్డు మీద కరీంనగర్ నుంచి ఇంటికి వెళ్తున్న కుర్రాడు, అడ్డంగా గేదె వచ్చినప్పుడు బ్రేకు నొక్కితే, బైకు జారకుండా ఆగుతుంది. ఆ కుర్రాడు ఎస్ క్లాస్ ఎక్కి ఉండడు. ఎక్కాల్సిన అవసరమూ లేదు. కొద్దిమంది చాలా డబ్బు పెట్టి కొన్నప్పుడు, ఆ డబ్బు పరిశోధనకు చేరి, ఆ పరిశోధన చవకబడి అందరికీ వచ్చే దారి ఒకటి ఉంది. ఖరీదైన బళ్లను నేను ప్రేమించడానికి ఇదే మొదటి కారణం. ఆ దారి తెగకుండా ఉండాలంటే రెండు కావాలి. బండిలో నిజంగా కొత్తది ఏదైనా ఉండాలి. ఆ బండి నడవాలి.

ఈ రెండు కొలతలూ పెడితే అన్ని లిమిటెడ్ ఎడిషన్లూ ఒకటి కావు. 2018లో జెనీవా ప్రదర్శనలో రేంజ్ రోవర్ ఎస్‌వీ కూపే చూపించారు. రెండు తలుపులు, 1970 బండికి నివాళి. 999 మాత్రమే చేస్తామన్నారు, ధర 2 లక్షల 40 వేల పౌండ్ల నుంచి. బానెట్టూ, వెనక కింది తలుపూ తప్ప పై రేకులన్నీ కొత్తవి. ఎంత అందమైన బండో! కానీ లోపల ఉన్నవి అప్పటికే ఉన్న ఇంజిన్, అప్పటికే ఉన్న అడుగు. 2019 జనవరిలో ఆ ప్రయత్నమే మానుకున్నారు. ఆ డబ్బు రాబోయే తరం బళ్ల మీద పెడతామన్నారు. ఒక అందమైన బండి పోయిందని నాకు బాధగానే ఉంది. నిర్ణయం మాత్రం సరైనదే అంటాను.

2008లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొన్నప్పటి నుంచీ ఇది మన ఇంటి వ్యవహారం కూడా అయింది. 2024లో రేంజ్ రోవర్‌ను పుణెలో బిగించడం మొదలుపెట్టాక ఇక్కడి ధర దాదాపు ఐదో వంతు తగ్గింది. ఇది కోట్లలో ఉన్నవాళ్ల సంగతే, నిజమే. కానీ ఇలాంటి బండి విప్పి బిగించడం తెలిసిన చేతులు మన దేశంలో తయారవుతున్నాయి, అది చిన్న సంగతి కాదు.

రణథంబోర్ ఎడిషన్ గురించి నా తీర్పు చెబుతాను. యంత్రంగా అందులో కొత్తగా నేర్చుకోవడానికి ఏమీ లేదు. కుట్టుపని, రంగు, తోలు. అవి చేసినవాళ్ల చేతులకు దండం పెడతాను. అమ్మకంలో కొంత భాగం వన్యప్రాణి సంరక్షణ కోసం పనిచేసే వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ ట్రస్టుకు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. అది దానికి ఉన్న అతి పెద్ద గౌరవం, సీటు మీద చారల కంటే పెద్దది. పన్నెండు బళ్ల వల్ల అడవిలో ఒక కాపలా బృందానికి జీపో, ఒక ఊరికి కంచో దక్కితే, ఆ బండి తన పేరుకు తగ్గ పని చేసినట్టే. రణథంబోర్ సఫారీకి సొంత బళ్లను రానివ్వరు, అనుమతి ఉన్న జిప్సీలూ కాంటర్లే వెళ్తాయి. అది మంచి నియమం, పులికి అవసరమైన నియమం. అడవి వెలుపల మాత్రం దారులకు కొదవలేదు.

అలాంటి బండి మీ దగ్గర ఉంటే మీకో మాట. దాన్ని దాచకండి. 290 వెళ్తుంది కదా అని ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రయత్నించకండి. అక్కడ హద్దు 120, అవతల నడిచేవాడి ప్రాణం మీ బండి కంటే ఖరీదైనది. వేగం చూడాలనిపిస్తే రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లండి. వానలో బయటికి తియ్యండి. అరకు ఘాట్ ఎక్కించండి. మీ ఊరి చెరువు గట్టు దాకా, మీ నాన్న దున్నిన పొలం దాకా తీసుకెళ్లండి, బురద అంటితే అంటనివ్వండి. ఏదైనా విరిగితే, ఎక్కడ ఎలా విరిగిందో సర్వీస్ సెంటర్‌లో వివరంగా రాయించండి. చేసినవాళ్లకు కావాల్సింది ఆ కబురే. ఊళ్లో పిల్లలు చుట్టూ మూగితే అద్దాలు ఎత్తెయ్యకండి. బానెట్ ఎత్తి చూపించండి, ఆ ఇంజిన్ ఎలా పనిచేస్తుందో చెప్పండి. వాళ్లను చెప్పులతోనే ఎక్కనివ్వండి.